పాత సెలెక్టివ్ లెవెల్ మీటర్‌తో రేడియో, ఆడియో కొలతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఎస్పీ రోడ్డు పాత సామాన్ల కొట్లలోనూ, ఫ్యాక్టరీలు, ల్యాబులు వేలం వేసే స్క్రాప్ లాట్లలోనూ ఈ మీటర్లు అప్పుడప్పుడు కనబడుతుంటాయి. బరువు చూసి భయపడి కొందరు వదిలేస్తారు, డయల్ చూసి ముచ్చటపడి కొందరు కొనేస్తారు. కొన్నాక వచ్చే ప్రశ్నలే ఇక్కడున్నవి.

ఇది మామూలు ఏసీ మిల్లీవోల్ట్‌మీటర్ కంటే ఎందులో వేరు?

మిల్లీవోల్ట్‌మీటర్ తనకొచ్చిన సిగ్నళ్లన్నిటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. సెలెక్టివ్ లెవెల్ మీటర్ మీరు ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ దగ్గర, ఒక ఇరుకైన ఫిల్టర్ వెడల్పులో ఉన్నదాన్ని మాత్రమే కొలుస్తుంది. లోపలున్నది సూపర్‌హెటరోడైన్ రిసీవరే. కాకపోతే ఏజీసీ (సిగ్నల్ బలాన్ని తనంత తానే సర్దే ఏర్పాటు) బదులు కచ్చితమైన అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని మెట్లుగా తగ్గించేది), స్పీకర్‌తో పాటు డీబీల్లో గీతలున్న మీటర్ ఉంటాయి.

పుట్టింది టెలిఫోన్ ట్రంకు లైన్ల కోసం. ఒకే కోయాక్సియల్ కేబుల్ మీద వందల సంభాషణలు పంపడానికి ఒక్కో గొంతుకి 4 కిలోహెర్ట్జ్ జాగా ఇచ్చి, 12 ఛానళ్లను 60 నుంచి 108 కిలోహెర్ట్జ్ మధ్య ఒక గ్రూపుగా, అలాంటి అయిదు గ్రూపులను 312 నుంచి 552 కిలోహెర్ట్జ్ మధ్య సూపర్‌గ్రూపుగా పేర్చేవారు. 84.08 కిలోహెర్ట్జ్ దగ్గరుండే గ్రూపు పైలట్ టోను (లైన్ బాగుందని చెప్పే నిలకడైన టోను) పడిపోయిందా, పక్క ఛానల్ మాట ఇందులోకి కారుతోందా అని చూడటమే ఈ మీటరు ఉద్యోగం. 1948లో బెంగళూరులో మొదలైన ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) ఈ కారియర్ పరికరాలు తయారుచేసేది కాబట్టి, ఈ జాతి మీటర్లు ఈ ఊళ్లో తేలడంలో వింతేమీ లేదు. ఆప్టికల్ ఫైబర్ వచ్చాక ఆ ఉద్యోగం పోయింది. విద్యుత్ సంస్థల పవర్‌లైన్ కారియర్ (కరెంటు తీగల మీదే సంకేతాలు పంపే) పనిలో మాత్రం ఇంకా కొంత వాడకం ఉంది.

ఏ మోడల్ అయితే మంచిది?

మీ పనిని బట్టి ఉంటుంది. ఆడియో, రేడియో రెండూ కావాలంటే హెచ్‌పీ 3586కి సాటి తక్కువ. 50 హెర్ట్జ్ నుంచి 32.5 మెగాహెర్ట్జ్ వరకు పోతుంది, ఫ్రీక్వెన్సీని 0.1 హెర్ట్జ్ మెట్టుతో, లెవెల్‌ని 0.01 డీబీ మెట్టుతో చూపిస్తుంది. ఏ, బీ, సీ అని మూడు రకాలున్నాయి. మొదటి రెండూ టెలిఫోన్ వాళ్లకు చేసినవి, సీ రకం సాధారణ ల్యాబు పనికి. హెచ్‌పీ 312 పాత తరానిది, 1 కిలోహెర్ట్జ్ నుంచి 18 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది; ఆడియోకి అడుగు భాగం పోతుంది. వట్టి ఆడియోకే అయితే హెచ్‌పీ 3581 వేవ్ ఎనలైజర్ చాలు, 15 హెర్ట్జ్ నుంచి 50 కిలోహెర్ట్జ్. జర్మనీ వాండెల్ గోల్టర్‌మన్ ఎస్‌పీఎం వరుసవి కట్టుదిట్టంగా ఉంటాయి, కానీ వాటి కనెక్టర్లతో తంటా. పాత జర్మన్ మోడళ్లలో స్కేలు నేపర్లలో ఉండొచ్చు. 1 నేపర్ అంటే 8.686 డీబీ.

ఎస్పీ రోడ్డులో కొనేముందు అక్కడికక్కడే ఏం చూడాలి?

వెనక కనెక్టర్లు, లోపలి ప్లగ్-ఇన్ బోర్డులు అన్నీ ఉన్నాయా అన్నది ముందు. ఒక్క బోర్డు లేకపోయినా దాన్ని వెతకడం కంటే మరో మీటర్ కొనడం తేలిక. కొట్టువాడు కరెంటు పెట్టనిస్తే, ముందు వెనకనున్న వోల్టేజి సెలెక్టర్ ఎక్కడుందో చూసి తర్వాతే ప్లగ్ పెట్టండి. అమెరికా నుంచి నేరుగా వచ్చిన పీసు 115 దగ్గరుంటే మన 230కి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వెలిగాక అటెన్యుయేటర్ మార్చి చూడండి: మెట్టు మెట్టుకీ లోపల రిలే టక్కుమనాలి. చప్పుడు రాని మెట్టు ఉంటే ధర మీద మాట్లాడటానికి అదే మీ పట్టు. బేరం తెలుగులో సాగుతుంది, మొహమాటపడక్కర్లేదు.

బ్యాటరీతో కూడా నడిచే మోడల్ అయితే పెట్టె విప్పి నికెల్ కాడ్మియం సెల్లులు చూడాల్సిందే. అవి కారి పచ్చగా పాకితే బోర్డు మీది ట్రాకులు తినేసి ఉంటాయి.

ఏళ్ల తరబడి మూలపడ్డ మీటర్‌కి మొదటిసారి కరెంటు ఎలా ఇవ్వాలి?

సెలెక్టర్ 240కి పెట్టండి. బెంగళూరు లైన్ చాలాసార్లు 230 దాటుతుంది కాబట్టి 220 మెట్టు కంటే అదే నయం. ఫ్యూజ్ కూడా ఆ వోల్టేజికి రాసి ఉన్న విలువే వేయాలి. 115కి వేసిన ఫ్యూజ్ దాదాపు రెట్టింపు ఉంటుంది, అది కాపాడదు.

ఆ తర్వాత మెకానిక్కులు వాడే సీరీస్ ల్యాంప్ బోర్డు, అందులో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్. క్రిస్టల్ అవెన్ (ఫ్రీక్వెన్సీ క్రిస్టల్‌ని ఒకే వేడిలో ఉంచే పెట్టె) ఉన్న మీటర్లలో అవెన్ వేడెక్కేదాకా బల్బు కొంచెం ఎర్రగా ఉండిపోతుంది, కంగారు పడొద్దు. ఈ పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లీనియర్ సప్లైలకే. స్విచింగ్ సప్లై అయితే తక్కువ వోల్టేజిలో మొరాయిస్తుంది.

మెయిన్స్ ఫిల్టర్‌లో పారదర్శకమైన పసుపు పూతతో, పైన సన్నటి బీటలతో కాగితపు కెపాసిటర్ కనిపిస్తే ఆలోచించకుండా పీకేయండి. బీటల్లోంచి తేమ పీల్చుకుని, ఒకరోజు కంపు పొగతో పేలడం దాని నైజం. దాని బదులు అదే విలువ ఎక్స్2 రకం ఫిల్మ్ కెపాసిటర్ వేయాలి. లైన్‌కీ చాసిస్‌కీ మధ్య ఉన్నవి అయితే వై2 రకమే.

50, 75, 600 ఓంలలో ఏది పెట్టాలి? ఇక్కడే అంకెలు తేడా వస్తున్నాయి.

వచ్చే తప్పుడు రీడింగుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

0 డీబీఎమ్ అంటే ఒక మిల్లీవాట్, వోల్టేజి కాదు. ఆ మిల్లీవాట్ 600 ఓం మీద 0.7746 వోల్టులు, 75 ఓం మీద 0.2739, 50 ఓం మీద 0.2236. మీటరు లోపల కొలిచేది వోల్టేజినే. మీరు నొక్కిన ఇంపెడెన్స్ బటన్‌ని నమ్మి దాన్ని డీబీఎమ్‌గా మారుస్తుంది. అందుకే ఒకే వోల్టేజికి 600 నుంచి 50కి లెక్క మారిస్తే 10.79 డీబీ, 600 నుంచి 75కి 9.03 డీబీ, 75 నుంచి 50కి 1.76 డీబీ తేడా వస్తుంది. మీ రీడింగు అనుకున్నదానికంటే సరిగ్గా ఈ మూడింటిలో ఒక అంకె అంత తప్పుతుంటే, మీటరు బాగానే ఉంది, బటన్ తప్పు.

రెండో సంగతి, టెర్మినేట్ చేయడమా, బ్రిడ్జ్ చేయడమా. టెర్మినేట్ చేస్తే మీటరే లోడు. బ్రిడ్జ్ చేస్తే మీటరు ఎక్కువ ఇంపెడెన్స్‌తో పక్కన నిలబడి చూస్తుంది, లోడు మీరే పెట్టాలి. లోడు లేకుండా బ్రిడ్జ్‌లో కొలిస్తే 6 డీబీ ఎక్కువ చూపిస్తుంది. లోడు ఉండగా టెర్మినేట్‌లో పెడితే రెండు లోడ్లు పడి 3.5 డీబీ తక్కువ చూపిస్తుంది. ఈ 6, 3.5 అంకెలు కూడా గుర్తుంచుకోదగ్గవే.

75 ఓం ఇన్‌పుట్ మాత్రమే ఉన్న మీటర్‌కి 50 ఓం జనరేటర్ నేరుగా తగిలిస్తే ఏమవుతుంది? భయపడినంత కాదు. మీటరు లోడులోకి పోయే పవర్ 0.18 డీబీ మాత్రమే తగ్గుతుంది. ఫిల్టర్లు కొలిచేటప్పుడు మాత్రం మ్యాచింగ్ కావాలి, ఎందుకంటే తప్పు ఇంపెడెన్స్ చూస్తే ఫిల్టరే ఆకారం మారుస్తుంది. అప్పుడు 50 వైపు అడ్డంగా 86.6 ఓం, 75 వైపు వరుసలో 43.3 ఓం పెట్టి ప్యాడ్ (రెసిస్టర్లతో సిగ్నల్‌ని తగ్గించే అమరిక) కట్టండి. 5.7 డీబీ పోతుంది, రీడింగుకి అంత కలుపుకోండి.

కనెక్టర్లు దేనికీ సరిపోవడం లేదు, ఏం చేయాలి?

అమెరికా టెలిఫోన్ మోడళ్లకు జాక్ ప్లగ్గులాంటి వెకో సాకెట్లు, వాండెల్ గోల్టర్‌మన్‌కి వెర్సాకాన్, సీమెన్స్‌కి 1.6/5.6 ఉంటాయి. అడాప్టర్ దొరికితే సరే. దొరక్కపోతే ముందు పలకలో వెర్సాకాన్ ఇన్సర్ట్ విప్పి బీఎన్‌సీ ఇన్సర్ట్ వేయొచ్చు, ఆ వ్యవస్థ ఉద్దేశమే అది. 75 ఓం ఎన్-టైప్ సాకెట్‌లో 50 ఓం ప్లగ్ ఎప్పుడూ గుచ్చొద్దు. దాని పిన్ను లావు, సాకెట్ మధ్య భాగం విచ్చుకుపోయి ఇక సరైన ప్లగ్గు కూడా వదులుగానే ఉంటుంది. బీఎన్‌సీలో ఆ గొడవ లేదు.

క్యాలిబ్రేషన్ ల్యాబుకి పంపకుండా రీడింగు సరైనదో కాదో తేల్చుకోవచ్చా?

ఇంటి పనికి సరిపడేంత తేల్చుకోవచ్చు. 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్‌ని 50 ఓం లోడు మీద ట్రూ ఆర్‌ఎంఎస్ మల్టీమీటర్‌లో 0.2236 వోల్టులకు సర్దండి. మీటర్‌ని బ్రిడ్జ్‌లో, 50 ఓం లెక్కలో పెడితే 0 డీబీఎమ్ రావాలి. మల్టీమీటర్‌లో 1 శాతం తప్పు 0.09 డీబీకి సమానం, కాబట్టి మంచి మల్టీమీటర్ ఉంటే నమ్మకం బాగానే ఉంటుంది. మల్టీమీటర్ ఏసీ రేంజి కొన్ని కిలోహెర్ట్జ్ దాటాక నమ్మదగినది కాదు. పైన స్కోప్ వాడాలి: 50 ఓం మీద 0 డీబీఎమ్ అంటే పై కొస నుంచి కింది కొసకు 0.632 వోల్టులు. స్కోప్ 3 శాతం తప్పితే 0.26 డీబీ.

అటెన్యుయేటర్ పరీక్షకు ఏ ప్రమాణమూ అక్కర్లేదు. సిగ్నల్ కదపకుండా ఉంచి, మీటరు రేంజిని ఒక్కో మెట్టు మార్చండి. రీడింగు కొద్ది పదో వంతు డీబీలకు మించి కదిలితే ఆ మెట్టు రిలే కాంటాక్టు నల్లబడింది. ఆ రిలేని పదులసార్లు ఆన్ ఆఫ్ చేస్తే చాలాసార్లు తనంత తానే శుభ్రమవుతుంది. సీలు చేసిన రీడ్ రిలే అయితే స్ప్రే కొట్టి లాభం లేదు, మార్చాల్సిందే.

ఏ బ్యాండ్‌విడ్త్ ఎప్పుడు?

20 హెర్ట్జ్ ఫిల్టర్ ఒకే టోను కొలవడానికి, పక్కపక్కనే ఉన్నవాటిని విడదీయడానికి. 400 వెతకడానికి. 3100 గొంతు వినడానికి, నాయిజ్ కొలవడానికి. సిగ్నల్ దొరకలేదంటే 20లో వెతుకుతున్నారేమో చూడండి. ముందు 3100లో పట్టుకుని ఒక్కో మెట్టు ఇరుకు చేయాలి. 20 హెర్ట్జ్ ఫిల్టర్ నిలకడపడటానికి సమయం పడుతుంది, ట్యూన్ చేసిన ప్రతిసారీ అర సెకను ఆగి చదవండి.

నాయిజ్ లెక్క బ్యాండ్‌విడ్త్‌తో మారుతుంది, టోను లెక్క మారదు. గది ఉష్ణోగ్రతలో నిరోధకం నాయిజ్ హెర్ట్జ్‌కి మైనస్ 174 డీబీఎమ్. 20 హెర్ట్జ్‌లో మైనస్ 161, 3100లో మైనస్ 139. ఒకే సిగ్నల్ రెండు ఫిల్టర్లలోనూ ఒకే అంకె చూపిస్తే అది టోను, 21.9 డీబీ మారితే అది నాయిజ్. పాత మోడల్ డిటెక్టర్ ఆర్‌ఎంఎస్ కాకుండా సగటు రకమైతే నాయిజ్ రీడింగుకి 1.05 డీబీ కలపాలి.

యాంప్లిఫయర్ డిస్టార్షన్ ఎలా కొలవాలి?

యాంప్‌కి 1 కిలోహెర్ట్జ్ ఇచ్చి, మీటరు అక్కడ పెట్టి లెవెల్ రాసుకోండి. తర్వాత 2, 3, 4, 5 కిలోహెర్ట్జ్ దగ్గర. మూలంతో పోలిస్తే రెండోది మైనస్ 52, మూడోది మైనస్ 60, నాలుగోది మైనస్ 68 డీబీ వచ్చాయనుకోండి. నిష్పత్తులుగా 0.00251, 0.001, 0.0004. వాటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 0.00273, అంటే 0.27 శాతం. రెండోది ఒక్కటే పెద్దదిగా ఉంటే సింగిల్-ఎండెడ్ వంపు, మూడోది పెద్దదైతే క్లిప్పింగు లేదా క్రాసోవర్. డిస్టార్షన్ మీటరు ఇచ్చే ఒక్క అంకెలో ఈ సంగతి కనబడదు, సెలెక్టివ్ మీటరు గొప్పతనం అదే.

యాంప్ ముందు ఆసిలేటర్‌ని కొలవడం మరిచిపోకండి. దాని హార్మోనిక్స్ యాంప్ ఖాతాలో పడతాయి.

మైనస్ 70 డీబీ దగ్గరకు వచ్చేసరికి మీటరు మిక్సర్ సొంత హార్మోనిక్స్ అడ్డొస్తాయి. దానికి మందు ట్విన్-టీ నాచ్, అంటే మూల ఫ్రీక్వెన్సీ ఒక్కదాన్నే నొక్కేసే ఫిల్టర్: 16 కిలో ఓం 1 శాతం రెసిస్టర్లు నాలుగు, 10 నానోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు నాలుగు. వరుస చేతుల్లో రెండేసి, భూమికి పోయే చేతుల్లో రెండేసి సమాంతరంగా. నాచ్ 995 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, ఆసిలేటర్‌ని అక్కడికి జరపండి. తర్వాత ఎన్‌ఈ5532తో ఒక బఫర్ తప్పనిసరి. మీటరు నేరుగా తగిలితే నాచ్ లోడై లెక్క చెడుతుంది. ఈ నాచ్ రెండో హార్మోనిక్‌ని 9.1 డీబీ, మూడోదాన్ని 5.1, నాలుగోదాన్ని 3.3 తగ్గిస్తుంది కాబట్టి రీడింగులకు అంతంత కలపండి.

హమ్ ఎక్కడి నుంచి వస్తోందో చెప్పగలదా?

చెప్పగలదు, 20 హెర్ట్జ్ ఫిల్టర్ ఉంటే. 50 హెర్ట్జ్ ఎక్కువుంటే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం లేదా గ్రౌండ్ లూపు. 100 ఎక్కువుంటే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ తర్వాతి ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. 150, 250 ఎక్కువుంటే కోర్ నిండిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్లో ఉంది.

ఇందులో రెండు బోల్తా కొట్టించే విషయాలున్నాయి. మీటరు స్కేలు అడుగుకి పోయేకొద్దీ లోకల్ ఆసిలేటర్ లీకేజి సున్నా దగ్గర కనబడుతుంది, 50 హెర్ట్జ్ రీడింగులో అది కలవచ్చు. ఇన్‌పుట్ షార్ట్ చేసి ఎంత మిగులుతుందో ముందే చూసుకోండి. రెండోది కప్లింగ్ కెపాసిటర్. 1 మైక్రోఫారడ్‌తో 600 ఓంలోకి పోతే 265 హెర్ట్జ్ కిందివన్నీ కోతపడతాయి. అదే కెపాసిటర్ 10 కిలో ఓం ఇన్‌పుట్‌తో 16 హెర్ట్జ్ దాకా దిగుతుంది, 50 దగ్గర పోయేది 0.4 డీబీ మాత్రమే.

పవర్ యాంప్ ఔట్‌పుట్‌ని నేరుగా తగిలించవచ్చా?

వద్దు. 8 ఓంలో 50 వాట్లంటే 20 వోల్టులు, 600 ఓం లెక్కలో అది ప్లస్ 28 డీబీఎమ్. 9.1 కిలో ఓం, 1 కిలో ఓం రెసిస్టర్లతో పదోవంతుకి దించి, ఆ 1 కిలో మీద బ్రిడ్జ్‌లో చదవండి. 10 కిలో ఓం ఇన్‌పుట్ దాన్ని 0.8 డీబీ లాగుతుంది, కలుపుకోండి. క్లాస్-డీ, కారు యాంప్లు చాలావరకు బ్రిడ్జ్ ఔట్‌పుట్‌వి: రెండు తీగల్లో ఏదీ గ్రౌండ్ కాదు. ఒకదాన్ని మీటరు చాసిస్‌కి తగిలిస్తే యాంప్ ఐసీ పోతుంది. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ గానీ 600:600 ట్రాన్స్‌ఫార్మర్ గానీ వాడాలి. వాల్వు యాంప్‌లో ప్లేటు దగ్గర కొలవాలంటే 630 వోల్టుల కెపాసిటర్ పెట్టి, ముందు కెపాసిటర్ కొసను 10 కిలో ఓంతో భూమికి వేసి నింపాక, అప్పుడే మీటర్‌కి కలపండి. లేదంటే నిండేటప్పుడు వచ్చే దెబ్బ నేరుగా మీటరు మొదటి దశ మీద పడుతుంది.

5 వాట్ల హామ్ (అమెచ్యూర్ రేడియో) ట్రాన్స్‌మిటర్ హార్మోనిక్స్ కొలవాలి. ప్యాడ్ ఎలా కట్టాలి?

5 వాట్లు ప్లస్ 37 డీబీఎమ్. 40 డీబీ దించితే మైనస్ 3, మీటర్‌కి హాయి. రెండు 20 డీబీ పై (π) ఆకారపు ప్యాడ్లు వరుసగా కట్టండి. మొదటిదే వేడంతా తింటుంది: ముందు అడ్డ రెసిస్టర్‌లో 4.1 వాట్లు, వరుస రెసిస్టర్‌లో 0.8 వాట్లు.

ముందు అడ్డంగా 180 ఓం 2 వాట్లవి మూడు సమాంతరంగా, మెటల్ ఆక్సైడ్ రకం. వరుసలో 1 కిలో ఓం అర వాట్‌వి నాలుగు సమాంతరంగా. చివర అడ్డంగా 68, 680 ఓం సమాంతరంగా. లెక్క కడితే 20.04 డీబీ, ఇన్‌పుట్ 49.3 ఓం, ఇంతకంటే శ్రమ వృథా. రెండో ప్యాడ్‌కి అవే విలువలు, పావు వాట్‌వి చాలు. వైర్‌వౌండ్ రెసిస్టర్ ఎక్కడా వాడొద్దు, అది చుట్టే కాబట్టి 7 మెగాహెర్ట్జ్ దగ్గరే ఇండక్టెన్స్ చూపిస్తుంది. రెండు ప్యాడ్ల మధ్య రేకు అడ్డుగోడ పెట్టండి, లేదంటే 30 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ గాల్లోంచి దూకి 40 డీబీ కాస్తా తగ్గిపోతుంది.

ఈ ప్యాడే డమ్మీ లోడు కాబట్టి యాంటెన్నా తీసేసి కొలవండి. 7.05 మెగాహెర్ట్జ్ మీద పంపితే 14.1, 21.15, 28.2 దగ్గర చదవాలి. 32.5 పైన ఉన్న అయిదో హార్మోనిక్‌కి ఈ మీటరు అందదు.

యాంటెన్నా తగిలిస్తే 1224 కిలోహెర్ట్జ్ దగ్గర ఆకాశవాణి వినిపిస్తోంది. స్టేషన్ హార్మోనిక్ వదులుతోందా?

దాదాపు ఖాయంగా కాదు. బెంగళూరు ఆకాశవాణి 612 కిలోహెర్ట్జ్ మీద ఉంది, 1224 దానికి సరిగ్గా రెట్టింపు. ఈ మీటర్లకు ముందు ట్యూన్డ్ దశ ఉండదు, ఊళ్లోని స్టేషన్లన్నీ ఒకేసారి మిక్సర్ మీద పడతాయి. తేల్చుకోవడం సులువు: యాంటెన్నాకీ మీటర్‌కీ మధ్య 10 డీబీ ప్యాడ్ పెట్టండి. 1224 రీడింగు 10 డీబీ తగ్గితే అది నిజంగా గాల్లో ఉన్నది. 20 తగ్గితే మీటరు లోపల పుట్టిన రెండో హార్మోనిక్. 30 తగ్గితే మూడో తరగతి ఇంటర్‌మాడ్యులేషన్. మీటరు మీద తక్కువ డిస్టార్షన్, తక్కువ నాయిజ్ అనే స్విచ్ ఉంటే యాంటెన్నా పనికి మొదటిదే వాడండి. ఆటో రేంజ్‌ని నమ్మొద్దు: కొన్ని మీటర్లు ట్యూన్ చేసిన చిన్న సిగ్నల్‌ని చూసి అటెన్యుయేటర్ తీసేస్తాయి, పక్కనున్న పెద్దది లోపలికి దూసుకొస్తుంది.

ఏఎం మాడ్యులేషన్ శాతం కొలవచ్చా?

20 హెర్ట్జ్ ఫిల్టర్‌తో కారియర్, తర్వాత టోను సైడ్‌బ్యాండ్ చదవండి. తేడా 6 డీబీ అయితే 100 శాతం, 12 అయితే 50, 16.5 అయితే 30. సిగ్నల్ జనరేటర్ల డయల్ సరిచూడటానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

రేడియో ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ (ఐఎఫ్‌టీ) క్యూ, అంటే ట్యూనింగ్ పదును, క్రిస్టల్ ఫిల్టర్ ఆకారం కొలవచ్చా?

మీటరు వెనక ట్రాకింగ్ ఔట్‌పుట్ (మీటరు ట్యూన్ అయిన ఫ్రీక్వెన్సీనే బయటికిచ్చేది) ఉంటే పని సగం అయినట్టే. లేకపోతే జత జనరేటర్ కావాలి. క్రిస్టల్ ఫిల్టర్‌కి రెండు వైపులా 6 లేదా 10 డీబీ ప్యాడ్లు పెట్టి దాని ఇంపెడెన్స్‌కి మ్యాచ్ చేయాలి. ఐఎఫ్‌టీకి మాత్రం 2 పికోఫారడ్ కెపాసిటర్లతో వదులుగా కలపాలి, శిఖరం దగ్గర కూడా 30 డీబీ నష్టం కనబడేంత వదులుగా. లేదంటే మీరు కొలిచేది కాయిల్ క్యూ కాదు, 50 ఓం క్యూ. శిఖరం 455 కిలోహెర్ట్జ్ దగ్గర, 3 డీబీ పడే చోట్లు 452.1, 457.6 అయితే వెడల్పు 5.5, క్యూ సుమారు 83.

ఫ్రీక్వెన్సీ అంకెని ఎంత నమ్మొచ్చు?

డిస్‌ప్లేలో 0.1 హెర్ట్జ్ ఉన్నంత మాత్రాన కాదు. రిఫరెన్స్ పదిలక్షల్లో ఒక వంతు తప్పితే 10 మెగాహెర్ట్జ్ దగ్గర 10 హెర్ట్జ్ తప్పు, 612 కిలోహెర్ట్జ్ దగ్గర 0.6. జీపీఎస్‌తో కట్టిన 10 మెగాహెర్ట్జ్ మూలం ఉంటే వెనక రిఫరెన్స్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. 3586లో అవెన్ ఆప్షన్ ఉంటే వెనక పలక మీద అవెన్ ఔట్‌పుట్ నుంచి రిఫరెన్స్ ఇన్‌పుట్‌కి ఒక చిన్న బీఎన్‌సీ తీగ ఉండాలి. చేతులు మారుతూ వచ్చిన పీసుల్లో ఆ తీగే పోయి ఉంటుంది. అవెన్ వెచ్చగా కాలుతూ ఎవరికీ పనికిరాకుండా కూర్చుంటుంది.

దీంతో హామ్ ఎస్ఎస్‌బీ (ఒకే సైడ్‌బ్యాండ్ ప్రసారం) వినొచ్చా?

వినొచ్చు. టెలిఫోన్ ఛానళ్లు కూడా ఎస్ఎస్‌బీనే కాబట్టి 3.1 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ 40 మీటర్ల హామ్ బ్యాండ్‌కు అతికినట్టు సరిపోతుంది. డిస్‌ప్లే కారియర్‌ని చూపిస్తోందా, ఫిల్టర్ మధ్యభాగాన్నా అన్నది చూసుకోండి. రెండోదైతే 1.85 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది. ఏజీసీ లేదు కాబట్టి హెడ్‌ఫోన్ వద్దు, పక్క స్టేషన్ ఒక్కసారిగా చెవి పగలగొడుతుంది.

అరచేతిలో పట్టే టైనీఎస్ఏ అనే స్పెక్ట్రం ఎనలైజర్ ఉంటే ఇంత బరువెందుకు?

దాని అడుగు 100 కిలోహెర్ట్జ్, మొదటి మోడల్ అతి ఇరుకు ఫిల్టర్ 3 కిలోహెర్ట్జ్. ఆడియో అసలే లేదు, 50 హెర్ట్జ్ దూరంలో ఉన్న హమ్ సైడ్‌బ్యాండ్ విడదీయలేదు. స్పెక్ట్రం మొత్తం ఒక్క చూపులో కావాలంటే మాత్రం అదే తీసుకోండి; సెలెక్టివ్ మీటర్‌తో 400 చోట్ల సెకనుకొకటి చదివినా ఏడు నిమిషాలు. రెండూ ఉంటే చిన్నదానితో వెతికి, పెద్దదానితో కొలవండి.

ఎల్ఈడీ బల్బు, ఛార్జర్ నాయిజ్ కోసం మెయిన్స్‌కి తగిలించవచ్చా?

కెపాసిటర్ అడ్డుపెట్టినా సరే, తగిలించొద్దు. కెపాసిటర్ షార్ట్ అయితే చాసిస్‌కి 230 వస్తుంది. లైన్ ఇంపెడెన్స్ స్టెబిలైజేషన్ నెట్‌వర్క్ (మెయిన్స్ నాయిజ్ కొలవడానికి మధ్యలో పెట్టే పెట్టె) ఉంటేనే ఆ కొలత. లేకపోతే కోయాక్స్ కొసను అయిదు సెంటీమీటర్ల చుట్టుగా చుట్టి, వైరు పక్కన పట్టుకుని చూడండి. అసలు లెవెల్ రాదు గానీ, ఏ బల్బు దొంగో తెలిసిపోతుంది: స్విచింగ్ ఫ్రీక్వెన్సీ, దాని రెట్టింపులు వరుసగా దొరుకుతాయి, ఆ బల్బు ఆపగానే మాయమవుతాయి.